ఏమీ రాలని చెట్టు

వనపర్తి ఊళ్లోకి రాగానే బస్సు ఆగిపోయింది. రోడ్డు మధ్య డివైడర్ మీది చెట్లు కొడుతున్నారు. రంపం చప్పుడు కంటే ముందు కిటికీలోంచి వాసన వచ్చింది. పచ్చి ఆకూ తడి రంపపు పొట్టూ కలిసిన వగరు వాసన. అది ఏ చెట్టో తొంగి చూడక్కర్లేదు నాకు. కోనోకార్పస్. నా ముక్కుకు ఆ చెట్టుతో పాత పరిచయం. చూస్తుండగానే ముక్కు లోపల దురద మొదలైంది, గొంతు బిగుసుకుంది. చొక్కా జేబులో పీల్చే మందుంది. జేబు మీద చెయ్యి వేశాను గానీ తీయలేదు. పక్కన ఒక పెద్దామె కూర్చుని ఉంది. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్లున్నారు. ముప్పై దాటిన మనిషిని, అందరి ముందూ ఆ గొట్టం నోట్లో పెట్టుకోవాలంటే నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

"మంచిగ నీడిచ్చే చెట్లు. ఎవనికి అడ్డమొచ్చినయో ఏమో," అన్నాడు ముందు సీటాయన. "ఎవడో ఒకడు పోయి చెప్పుంటడు. ఒక్కని పోరుకు ఊరందరికి ఎండ," అన్నాడు రెండో ఆయన. వాళ్లు నన్ను ఎరగరు. నా గురించి అనలేదు. అయినా నా చెవులు వేడెక్కాయి. సువార్త మేడం పోయి ఏడాదైంది, నాగర్‌కర్నూల్‌లో వాళ్ల చెల్లెలింట్లో జ్ఞాపకార్థ ప్రార్థన ఉంటే పోతున్నాను. పోయేదారిలో ఆమె చెట్లే నాకు అడ్డం పడ్డాయి.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. పేపర్లో ఫోటో పడిన మనిషి కాదు. గద్వాల కాలేజీలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పేది. పుట్టింది ధరూర్ వైపు పల్లెలో. అమ్మానాన్నలు పత్తిచేలల్లో కూలికి పోయినవాళ్లు, ఆదివారం తప్పకుండా చర్చికి పోయినవాళ్లు. పొట్టి మనిషి, గొంతు మాత్రం కాలేజీ గంట. క్లాసులో ఎవరైనా తెలియదంటే ఏమీ అనేది కాదు. తెలియకపోయినా తెలిసినట్టు తలూపితే మాత్రం సుద్దముక్క వచ్చి నుదుటికి తగిలేది. నా నుదురుకు చాలాసార్లు తగిలింది. పైగా ఆమె మా వీధిలోనే, మా ఇంటికి ఎదురుగా మేడ మీది గదుల్లో అద్దెకుండేది. కాలేజీలో తప్పించుకున్నా వీధిలో దొరికిపోయేవాణ్ణి. ఇంటర్ తర్వాత నేను చదువు ఆపి మా నాన్న పక్కన మగ్గం ఎక్కితే, మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మా ఇంటికొచ్చి, మగ్గం మీద ఉన్న చీర అంచును చాలాసేపు చూసి, "మంచిగనే నేస్తున్నవ్ రా," అని పోయింది. అంతకంటే మెప్పు ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

మాది నేత వీధి. గద్వాల చీరకు నడుమ నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ నూలు పడుగును, అంటే నిలువు పోగులను, మగ్గానికి ఎక్కించే ముందు పొద్దున్నే వీధి పొడవునా బారుగా లాగి, గంజి పట్టించి ఆరనివ్వాలి. దానికి నీడ కావాలి. ఎండలో గంజి ఒక్కసారిగా బిగిసి పోగులు తెగుతాయి. ఇదివరకు వీధిలో వేపచెట్లుండేవి. నీడ బాగానే ఉండేది గానీ, పూత కాలం వచ్చిందంటే పువ్వంతా తడి గంజి మీద రాలి అతుక్కునేది. పైన కూర్చునే పిట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క రెట్ట పడితే ఆ మరక చీరతోపాటే పోవాలి. సిమెంటు రోడ్డు వేసేటప్పుడు ఆ వేపలు పోయాయి. అప్పుడు మా వీధివాళ్లంతా మా నాన్న రామలింగాన్ని ముందు పెట్టుకుని మేడం దగ్గరికి వెళ్లారు.

"మేడం, మీరు చెట్ల సదువు సదివిండ్రు. మాకో చెట్టు చెప్పుండ్రి," అన్నాడు నాన్న. "ఆకు రాలొద్దు, పువ్వు రాలొద్దు, కాయ పడొద్దు, పిట్ట వాలొద్దు. నీడ ఒక్కటి పడితే చాలు."

"గసంటిది కావాల్నంటే రేకుల పందిరి ఏసుకోండ్రి రామలింగన్నా," అని మేడం పడీపడీ నవ్వింది.

నవ్విందే గానీ మాట మనసులో పెట్టుకుంది. కొన్నాళ్లకు ట్రాలీ ఆటో నిండా కోనోకార్పస్ మొక్కలు తెచ్చి దింపింది. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందట, పూయదట, పిట్ట గూడు కట్టదట, పడుగు మీద పుల్ల కూడా పడదట. మా నేతగాళ్లకు ఇంకేం కావాలి. గుంతలు తవ్వాం, ఆమె తన మేడ మీది నల్లా నుంచి పైపు దింపి నీళ్లు పెట్టింది. మొక్కలు ఆబగా పెరిగాయి. వీధికి రెండు వైపులా పచ్చటి గోడలాగా నిలబడ్డాయి. ఎవరు అడ్రస్ అడిగినా 'మేడం చెట్ల వీధి' అనేవాళ్లం. సాయంత్రాలు ఆమె పిట్టగోడ మీద మోచేతులానించి, క్లాసులో ఫస్టొచ్చిన పిల్లల్ని చూసినట్టు వాటిని చూసుకునేది.

ఆ చెట్లు మేడ ఎత్తుకు వచ్చిన చలికాలంలో నాకు ఎగపోత, అదే ఆయాసం, మొదలైంది. మొదట తుమ్ములు. తర్వాత దగ్గు. తర్వాత తెల్లవార్లూ ఛాతీలో పిల్లికూతలు. దవాఖానలో డాక్టరు ఏం పని చేస్తావని అడిగాడు. మగ్గం అన్నాను. "నూలు దుమ్ము. పని మార్చుకో," అన్నాడు. ఆయనకు అది రెండు ముక్కల మాట. మా ఇంట్లో అది పిడుగు. అంచు రంగు నడుమ రంగులోకి పోకుండా పోగుకు పోగు కలిపే మా నేతకు మగ్గం మీద పక్కపక్కన ఇద్దరుండాలి. నాన్న పక్కన నేను లేకపోతే నాన్న కూడా దిగిపోవాల్సిందే. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా ఉన్న మా మేనమామకు నాన్న ఫోన్ చేసి, శివరాత్రి పోయినాక వీణ్ణి పంపిస్తానన్నాడు. చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు. నేత ఇంట్లో పుట్టినవాడికి మగ్గం పడలేదంటే నలుగురిలో ఏమని చెప్పుకుంటాడు? నాకూ అదే సిగ్గు. పీల్చే మందును మగ్గం గుంటలో, తొక్కుడు పలక పక్కన దాచేవాణ్ణి. ఊపిరి అందనప్పుడు ఏదో సరిచేస్తున్నట్టు కిందికి వంగి పీల్చేవాణ్ణి. చీర కొనడానికి వచ్చినవాళ్లుంటే అదీ లేదు, ఊపిరి బిగబట్టి కూర్చునేవాణ్ణి.

ఒక పొద్దున మేడ మీది నుంచి కేక వచ్చింది. "ఒరే శేఖరూ! నీ ఎగపోత నా మంచం దాక ఇనొస్తుంది. ఎన్నాళ్ల నుంచి?"

వీధంతా తలెత్తింది. నేల చీలితే బాగుండుననిపించింది. దగ్గరికి పోయి, "జర మెల్లగ అనుండ్రి మేడం," అని బతిమాలాను.

"ఏం, దొంగతనం చేసినవా మెల్లగ అననీకె?"

విషయమంతా విన్నది. డాక్టరు మాట కూడా విన్నది. "నూలు దుమ్మే అయితే చిన్నప్పటి నుంచి మింగుతున్నవ్ గద, ఇప్పుడే ఎందుకు తిరగబడ్డది?" అంది. తర్వాత నాన్నను ఒప్పించి నన్ను అలంపూర్ దగ్గర మా చిన్నమ్మ వాళ్లింటికి పంపింది. అక్కడా మగ్గమే, అక్కడా నూలే. పోయిన మూడో రోజుకు ఛాతీ తేలికపడింది. ఒక వారం హాయిగా నేశాను. తిరిగి వచ్చి మా వీధి మలుపులో ఆటో దిగానో లేదో, తుమ్ముల మీద తుమ్ములు. మేడం పైనుంచే చూసింది. "మగ్గం మీద కేసు కొట్టేసినం. ఇగ దొంగ గాలిలున్నడు," అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. శివరాత్రికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి.

దొంగను పట్టే పద్ధతి ఇదీ. చిన్న గాజు పలకల మీద పల్చగా వాజలైన్ రాసి ఒకటి మా మగ్గం పక్కన, ఒకటి వీధిలో, ఒకటి తన మేడ మీద పెట్టేది. గాలిలో ఏముంటే అది వచ్చి అతుక్కుంటుంది. సాయంత్రం కాలేజీకి తీసుకుపోయి మైక్రోస్కోప్ కింద చూసేది. ఒక ఆదివారం నన్నూ తీసుకుపోయింది. నూలు పీచు మెలికలు తిరిగిన తోకలాగా కనిపించింది. దాని పక్కన గుండ్రటి గింజలు, చాలా. "పుప్పొడి. ఈ మూడు పలకల మీద ఒకటే తీరుది. ఇది ఏ చెట్టుదో, ఏ చేనుదో కనుక్కుంటే నీ సంగతి తేలుతది," అంది.

అప్పుడు మొదలైంది మా తిరుగుడు. ఆమె స్కూటీ నడిపితే వెనక నేను, ఒళ్లో డబ్బాలు. రైలుకట్ట పక్క వయ్యారిభామ, వాగొడ్డు తుమ్మ, ధరూర్ వైపు జొన్నచేలు, గట్ల మీది ఆముదం, ఎక్కడ ఏది పూసి ఉంటే అక్కడ దిగి పువ్వు తెంపడం, దాని పొడిని గాజు మీద దులిపి మా వీధి పొడితో పోల్చడం. మీసాలొచ్చినవాణ్ణి ఆడమనిషి వెనక బండి మీద కూర్చుని పిచ్చిపూలు ఏరుతుంటే జనం ఊరుకుంటారా? "ఏ దేవునికి మేడం ఈ పూజ?" అని ఒక రైతు అడిగాడు. "ముక్కు దేవునికి," అంది ఆమె. నేను డబ్బాలో ముఖం పెట్టుకున్నాను.

గట్టు మీద కూర్చుని సద్దిరొట్టె తింటూ ఒకరోజు ఒలీవ చెట్టు గురించి చెప్పింది. "బైబిల్ల జలప్రళయం తగ్గినంక ఓడల ఉన్న నోవహు కాడికి పావురం ఒలీవ ఆకు తెస్తది. శాంతికి గుర్తంటరు. మా అమ్మ ఆ వాక్యం వచ్చినప్పుడల్ల కండ్లు తుడుసుకునేది. తీరా చదువుకున్నంక తెలిసిందేంది అంటే, ఆ చెట్టు పూసే కాలంల ఆ దేశాల్ల ఊర్లకూర్లు తుమ్ముతయట. ఆ పొడి ఏ గుట్ట మీది తోట నుంచి వస్తుందో గాలి దిక్కు చూసి వెతుకుతరట. మనం చేస్తున్నది గదే." నవ్వుతూనే చెప్పింది గానీ, చివర ఒక మాటంది. "పవిత్రమైన చెట్టు కదా అని ఎవరు అనుమానపడకుంటే ఇంకా తుమ్ముకుంటనే ఉండేటోళ్లు." ఆ మాట ఎక్కడికి వచ్చి తగులుతుందో అప్పటికి ఆమెకూ తెలియదు.

ఏ పువ్వూ కలవలేదు. ఇక గాలి దిక్కే చూద్దామని, మా మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర పట్టుపోగు ఒకటి అడిగి తీసుకుని మేడ మీది కర్రకు కట్టింది. పోగు ఎటు ఊగుతుందో రోజూ చూసేది, ఆ రోజు పలక మీద పొడి ఎంత పడిందో చూసేది. తూర్పు గాలి వీచినా అంతే పొడి, ఉత్తరపు గాలి వీచినా అంతే. అసలు గాలే లేని రోజున ఇంకా ఎక్కువ. ఆ సాయంత్రం నేనూ మేడ మీద ఉన్నాను. ఆమె పోగు వంకే చూస్తూ ఉంది.

"అన్ని దిక్కుల నుంచి వస్తుందంటే ఏ దిక్కు నుంచి రాట్లేదన్నట్టు," అంది మెల్లగా. "ఇక్కడనే ఉంది శేఖరూ."

పిట్టగోడ దగ్గరికి పోయి కిందికి చూసింది. కింద నుంచి చూస్తే ఆ చెట్లు ఒట్టి ఆకు. పైనుంచి చూస్తే కొసకొమ్మల నిండా జొన్నగింజంత ఆకుపచ్చ గుండ్లు, ఆకులో ఆకుగా కలిసిపోయి. చెయ్యి చాచి ఒక రెమ్మ తెంపింది. అరచేతిలో దులిపింది. ఆ రెమ్మతోనే చెప్పులేసుకుని కాలేజీకి పోయింది.

దీపాలు పెట్టేవేళకు తిరిగొచ్చింది. తన మెట్లెక్కలేదు, మా ఇంటి అరుగు మీద కూర్చుంది. అమ్మ చాయ్ ఇస్తే పట్టుకునే ఉంది, తాగలేదు. "నా చెట్లే రామలింగన్నా," అంది. "నర్సరీ ఆయన పూయదన్నడు, సరే అన్న. బాటనీ చెప్పేదాన్ని. పూయని చెట్టుంటదా అని నన్ను నేను ఒక్కసారి అడగలే. ఊరి చుట్టు పూలన్ని తెంపి చూసిన గాని, నా గడప ముందటిది తెంపలే." ఆ కాలేజీ గంటలాంటి గొంతు అలా మూగబోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆమె ముఖం వైపు చూడాలంటే నాకే ముఖం చెల్లలేదు. నా రోగం లేకపోతే ఆమెకు ఈ రోజు వచ్చేది కాదు కదా అనిపించింది.

నాన్న మంచివాడు. తనకు తెలిసిన దారి చెప్పాడు. "గిదేమంత మాట మేడం. మునిసిపాల్టోళ్లు చెప్పిండ్రని రెండు మాటలని కొట్టేద్దం. మీ పేరెందుకు, మావాని పేరెందుకు? నలుగుట్ల పడే అవసరమేముంది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. నా పేరు రాదు. ఆమె పేరూ రాదు. మేడం చాయ్ గ్లాసు కింద పెట్టింది. "రేపు పొద్దున పడుగు పడతరు గద. అప్పుడొస్త," అని లేచిపోయింది.

మరునాడు పొద్దున వీధంతా పడుగు పరిచి ఉంది. రెండు కొసలా మనుషులు, నడుమ గంజి కుంచెలు. ఆమె వచ్చి పడుగు పక్కనే నిలబడింది. "మీకు ఈ చెట్లు తెచ్చింది నేను. పూయదని చెప్పింది నేను. పూస్తుంది. కండ్లకు కనబడకుంట రాలుతుంది. శేఖర్‌కు ఊపిరి ఆడకపోనీకె అదే కారణం. చూడకుంట తెచ్చిన, తప్పు నాది. వీటిని కొట్టేయాలె," అంది. ఎవరికీ అర్థంకాని మాట ఒక్కటి వాడలేదు. ఎక్కడా తప్పించుకోనూ లేదు.

కుంచెలు ఆగిపోయాయి. "సదువు చెప్పెటోళ్లే గిట్ల చేస్తే మాసంటోళ్ల గతేంది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆమె తల దించుకుంది గానీ అక్కడి నుంచి కదల్లేదు. ఇంకొకాయన నాన్నతోనే అన్నాడు. "అన్నా, ఏమనుకోకు. ఒక్క పిలగాని కోసం నీడంత పోవాల్నా?"

తప్పు మాటేం కాదు. అందుకే అంతగా గుచ్చుకుంది. తక్కెడలో ఒకవైపు వీధి నీడ, ఇంకోవైపు నా ఊపిరి, తూకం చూస్తున్నారు అందరూ. ఇంట్లోకి పోయి మగ్గం గుంటలో దూరుదామని వెనక్కి తిరిగాను.

"ఒక్కడే అని నీకెట్ల తెలుసు?" అంది మేడం. "వీడు గుంటల వంగి మందు పీలుస్తడు. గట్ల దాసుకున్నోళ్లు ఇంకెందరున్నరో నాకు తెల్వదు, నీకు తెల్వదు."

అప్పుడు పడుగు కొస పట్టుకుని ఉన్న కిష్టమ్మవ్వ, మా వీధిలో అందరికంటే పెద్దది, కొస వదలకుండానే అంది. "నా మనుమరాలు సుత రాత్రంత ఎగపోస్తది. ఆడపిల్ల, రేపు ఎవరన్న చూడనీకె వస్తె ఎట్లని చెప్పలే." ఇంకో ఇంటివాళ్లూ తమ ఇంట్లోనూ అలాంటి దగ్గే ఉందన్నారు. ఆ తర్వాత చెట్ల గురించి వాదించినవాళ్లు లేరు. కిష్టమ్మవ్వే మళ్లీ అంది, "పూలొద్దు పిట్టలొద్దన్నది మేం గాదా మేడం. నువ్వొక్కదానివే ఎందుకు మోస్తవ్?" మేడం అప్పుడు ఏడ్చింది. వీధిలో, పొద్దున్నే, అందరి ముందూ.

చెట్లు పోయాయి. నా ఊపిరి పూర్తిగా బాగుపడలేదు గానీ మగ్గం మీద కూర్చునేంత తేలికపడింది. శివరాత్రి వచ్చింది, పోయింది, నేను హైదరాబాద్ పోలేదు. ఈరోజుకీ నాన్న పక్కనే కూర్చుని నేస్తున్నాను. కానీ నీడ లేని వీధిలో పడుగు పట్టడం మాటలు కాదు. ఎండ పొడవకముందే లేవాలి, పరుగులు పెట్టాలి. మేడం గద్వాలలో ఉన్నన్నాళ్లూ పడుగు రోజున చీర కుచ్చిళ్లు దోపి వచ్చి ఒక కొస పట్టుకునేది. ఎవరూ రమ్మనలేదు. వద్దంటే వినలేదు. గుంతల్లో మళ్లీ వేపమొక్కలు పెట్టించింది. "పువ్వు రాలుతది గద మేడం," అని నాన్న ఆటపట్టిస్తే, "రాలనీ అన్నా. కనబడేదైతే ఏరుకుంటం," అంది. ఇప్పుడు ఆ వేపలు పూస్తున్నాయి. పూత కాలంలో పడుగు మీదికి వంగి పువ్వుకు పువ్వు ఏరుతాం. తిట్టుకుంటూనే ఏరుతాం. కిష్టమ్మవ్వ దానికి 'మేడం పూత' అని పేరు పెట్టింది.

ఆమెకు నాగర్‌కర్నూల్ బదిలీ అయింది, అక్కడే రిటైరయింది. చివరిసారి చూడబోయినప్పుడు మంచంలో ఉంది. నన్ను చూడగానే అడిగింది. "మందు పీలుస్తున్నవా? అందరి ముందట?"

"లేదు మేడం. సిగ్గైతది."

"నాకు సుత," అంది. "కోనోకార్పస్ యాడ కనబడ్డా ఇప్పటికీ తల వంగిపోతది. పోతదనుకున్న, పోలే. పోకుంటే పోకపాయె. పడుగు కొస పట్టనీకె అదేం అడ్డం రాలే గద?" అని నా చేతిని తన చేతిలోకి తీసుకుంది. గంజి పట్టిన వేళ్లను నిమిరి చూసింది.

బస్సు ఇంకా కదల్లేదు. రంపం ఇంకో చెట్టుకు పెట్టారు. ముందు సీటాయన మళ్లీ ఎత్తుకున్నాడు, "ఎవని కడుపు సల్లబడ్డదో" అని. నా ఛాతీలో పిల్లికూతలు నాకే వినబడుతున్నాయి. జేబులోంచి మందు తీశాను. కిటికీ వైపు తిరగలేదు, కిందికి వంగలేదు. గొట్టం ఊపి, నోట్లో పెట్టుకుని పీల్చాను. బస్సంతా నన్నే చూస్తున్నట్టనిపించింది. ఊపిరి అందినాక ముందుకు వంగి అన్నాను. "అన్నా, మా వీధిల గీ చెట్లనే నా కోసం కొట్టిండ్రు. వీటి పొడి నాకు పడదు. గీ బీమారి నాదే."

ఆయన వెనక్కి తిరిగి, నా చేతిలోది చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పక్కనున్న పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాకు మాత్రమే వినబడేలా అడిగింది. "బిడ్డా, ఆ మందు పేరేంది? మా ఇంటాయనకు సుత గిట్లనే వస్తది. ఎవరికి చెప్పనియ్యడు."

చెప్పాను. వెనక సీట్లవాళ్లకు కూడా వినబడేలా, గట్టిగా చెప్పాను.